గడ్డం ఉన్న పెట్టను కాల్చవచ్చా?

ప్రశ్న: పెన్సిల్వేనియాలో ఉంటున్నాను. సహోద్యోగి వసంతకాలపు అడవి టర్కీ కోళ్ల వేటకు రమ్మంటున్నారు. పుంజును ఎలా గుర్తుపట్టాలి? పెట్ట పొరపాటున చస్తే నేరమా?

జవాబు: మీ రాష్ట్రంలో వసంత వేటకు నియమం ‘గడ్డం ఉన్న పక్షి మాత్రమే’ అన్నది, అంటే చట్టం చూసేది లింగాన్ని కాదు, రొమ్ము నుంచి గుర్రపు వెంట్రుకల్లా వేలాడే ఆ కుచ్చును. కొన్ని పెట్టలకూ అది మొలుస్తుంది కనుక అటువంటి పెట్టను కొట్టినా నేరం కాదు, అయితే ఆ రోజుల్లో అది గుడ్లు పొదిగే తల్లి కావచ్చు కాబట్టి వదిలేయడమే మేలని నా అభిప్రాయం. గడ్డంలేని పెట్టను చంపితే మాత్రం చట్టవిరుద్ధమే.

పుంజు రొమ్ము ఈకల కొసలు నల్లగా, పెట్టవి గోధుమరంగులో ఉంటాయి. పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో మెరుస్తుంది. అందుకే ఆ రంగుల దుస్తులు వేసుకుని అడవికి వెళ్లకండి, మరో వేటగాడు మిమ్మల్నే పుంజనుకోవచ్చు. ఏడాది వయసు పుంజు తోక విప్పినప్పుడు నడిమి ఈకలు మిగతావాటికంటే పొడవుగా కనిపిస్తాయి, గడ్డం మాత్రం పొట్టిగా ఉంటుంది. కూత విన్నంత మాత్రాన కాల్చకండి, పుంజులా కూసేది మరో వేటగాడు కావచ్చు. గడ్డం కంటికి స్పష్టంగా కనబడాలి.