శనివారం గంట గురించి మా పాపకు

పాపా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. బడిలో ప్రతి శనివారం సాయంత్రం ఒక గంట కూర్చుంటావట. పిల్లల అమ్మానాన్నలు ఎవరైనా వచ్చి కష్టం చెప్పుకోవచ్చట. మనసు బాగాలేనివాళ్లకు డాక్టరును, ఇంట్లో గింజలు నిండుకున్నవాళ్లకు పోవాల్సిన ఆఫీసును నువ్వు చూపిస్తావట. చెప్తున్నంతసేపూ మీ నాన్న గొంతులో సంబరమూ భయమూ కలిసిపోయి ఉన్నాయి. "డీఎస్సీ ఉద్యోగం వచ్చి ఏడాది కాలేదు, ఊరి కష్టాలన్నీ దీనికెందుకక్కా? నువ్వు చెప్తే వింటుంది" అన్నాడు. నేను నిన్ను వద్దనను. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మీ అమ్మకు ఒంట్లో బాగాలేక మూడో తరగతి ఏడాదంతా నువ్వు నా దగ్గరే ఉన్నావు. మధ్యాహ్నం మీ బడి నుంచి మా హైస్కూలుకు పరుగెత్తుకొచ్చి, భోజనాల వరుస దగ్గర నిలబడేదానివి. ఒకరోజు సాయంత్రం నాతో అన్నావు: "అత్తా, ఆ చివర కూర్చునే అక్క రోజూ మూడుసార్లు పెట్టించుకుంటుంది. వాళ్లింట్లో రాత్రికి వండరేమో." ఆ పిల్లకు నేను రెండేళ్లుగా పాఠం చెప్తున్నాను. నాకు ఆ ఆలోచనే రాలేదు. మర్నాడు వాళ్లింటికి వెళ్లి చూస్తే నువ్వన్నది నిజమే. అందుకే ఈ పని నీకు కొత్త అని నేను అనుకోవడం లేదు.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. బియ్యం కార్డులో పిల్లల పేర్లు ఉన్నాయా, ఈకేవైసీ అయిందా చూడు. బడి పిల్లల తల్లులకు సర్కారు ఇచ్చే తల్లికి వందనం డబ్బు పడలేదని వస్తే ముందు తల్లి ఖాతాకు ఎన్‌పీసీఐ లింకు, అంటే సర్కారు డబ్బు పడేందుకు ఆధార్‌తో కలిపే లింకు, ఉందో లేదో అడుగు, చాలావరకు చిక్కు అక్కడే ఉంటుంది. కార్డు పని సచివాలయంలోనే తేలిపోతుంది, లింకు బ్యాంకులో పెట్టించాలి. ఈ రెండుచోట్లా తేలకపోతే సోమవారం అర్జీల రోజున పుట్టపర్తి కలెక్టరేట్‌కు పంపు, అర్జీ నకలు నీ దగ్గర ఉంచుకో. అమ్మానాన్నలు వలసపోతే ఆడపిల్లను కస్తూర్బా బాలికల హాస్టలు బడిలో చేర్పించవచ్చు. పిల్లలకు ఆపద అంటే 1098, ఇంట్లో ఆడవాళ్లను కొడుతుంటే 181, లాయరు కావాలంటే 15100. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయం ఎంతున్నా న్యాయ సహాయం ఉచితం.

ఒకటి మాత్రం బాగా గుర్తుపెట్టుకో, చాలామంది టీచర్లకే తెలియదు. తండ్రి పోయిన పిల్లలు, తండ్రి వదిలేసిన పిల్లలు, అమ్మానాన్నల్లో ఒకరు ప్రాణం మీదికొచ్చిన జబ్బుతో ఉన్న పిల్లలకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు ఇచ్చే పథకం ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. నా కాలంలో ఇది ఉండి ఉంటే ఒక పిల్లవాడి బతుకు ఇంకోలా ఉండేదేమో.

ఆ పిల్లవాడి గురించి చెప్పడానికే ఈ ఉత్తరం.

నువ్వు నా దగ్గర ఉన్న ఏడు, చొక్కా ఒడిలో పచ్చి శెనక్కాయ పోసుకొచ్చి నీ ముందు కుప్పగా పోసేవాడు, గుర్తుందా? ఆ పిల్లవాడే. మరుసటి ఏడు, 2009లో, వాన మొహం చాటేసింది. ఊడలు దిగకముందే పంట ఎండిపోయింది. వాళ్ల నాన్న మూడు బోర్లు వేశాడు, మూడింట్లోనూ దుమ్మే లేచింది. తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్లవాడు బడికి రావడం తగ్గించాడు. ఒకరోజు వాళ్లమ్మ వచ్చి టీసీ అడిగింది. బెంగుళూరికి పోతామంది. నేను కూర్చోబెట్టి మాట్లాడిస్తే మెల్లగా బయటపెట్టింది: "ఆయన రాత్రిళ్లు పడుకోడమ్మా. లేచిపోయి చేనుకాడ బోరు పక్కన కూర్చుంటాడు. పిలిస్తే పలకడు. అన్నం కలుపుకుని అట్లే చూస్తుంటాడు."

ఇది ఒట్టి దిగులు కాదు, జబ్బేనని నాకు అర్థమైంది. అంతవరకు బాగానే చేశాను. తెల్లకాగితం మీద పెద్దాసుపత్రి పేరు, ఏ విభాగానికి పోవాలో, ఏమని చెప్పాలో శుభ్రంగా రాశాను. బస్సుకు రెండు వందలు చేతిలో పెట్టి పంపాను. ఆ సాయంత్రం మీ మామయ్యతో ఒక కుటుంబాన్ని నిలబెట్టానని కూడా చెప్పుకున్నాను.

వాళ్లు వెళ్లారు. ఒక రోజు కూలి పోగొట్టుకుని, రెండు బస్సులు మారి, పదకొండు దాటాక చేరారు. ఓపీ చీటీ కోసం ఒక కిటికీ దగ్గర నిలబడితే ఇది కాదు, ఆ కిటికీ అన్నారు. అక్కడ ఆమె నా కాగితం చూపించింది. లోపల ఉన్నతను చదివి, వరుసంతా వినేటట్టు, "పిచ్చి డాక్టరు దగ్గరికా? ఆ చివరికి పోండి" అని అరిచాడు. అదే వరుసలో వాళ్ల వియ్యాలవారి ఊరి మనిషి ఉన్నాడు. తల తిప్పి చూశాడు. ఈయన ఒక్క మాట మాట్లాడకుండా బస్టాండుకు నడిచాడు. ఆమె వెనకాలే పరుగెత్తింది. నేను రాసిన కాగితం ఆమె కొంగు ముడిలోనే ఉండిపోయింది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నేను అడగలేదు పాపా. క్వార్టర్లీ పరీక్షలు, పేపర్లు దిద్దడం. ఆసుపత్రికి పోయుంటారు, మందులు వాడుతుంటారు అనుకున్నాను. మూడు వారాలు గడిచాయి. నాలుగో వారం పిల్లవాడు ఒక్కడే స్టాఫ్‌రూం గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "నాన్న మూడు రోజులుగా ఇంటికి రాలేదు మేడం" అన్నాడు.

అప్పుడైనా సరిగ్గా చేయాల్సింది. వాళ్లమ్మ నా చేతులు పట్టుకుని, పరువు పోతుంది, పనికి బెంగుళూరు పోయాడని చెప్పుకుంటాం, మీరూ అట్లే చెప్పండి అని ఏడ్చింది. నేను సరేనన్నాను. ఎవరడిగినా అలాగే చెప్పమని పిల్లవాడికి కూడా నేనే నేర్పాను. పోలీసు స్టేషన్‌కు ఎవరూ పోలేదు. ఏడాదిన్నర తర్వాత ఫిర్యాదు ఇస్తే, ఇన్నాళ్లు ఏం చేశారని అడిగారు. ఆ మనిషి ఈ రోజుకీ తిరిగి రాలేదు.

ఆ తర్వాత ఆమె పడిన పాట్లు చూశాక నాకు తెలిసొచ్చింది. వితంతు పింఛను అడిగితే మరణ ధ్రువపత్రం ఏదన్నారు. ఏడేళ్లు కబురు లేకపోతేనే చట్టం మనిషిని చనిపోయినట్టు భావిస్తుంది. కబురు లేదని చూపించడానికి తొలిరోజు స్టేషన్‌లో రాయించిన కాగితం ఉండాలి. మా దగ్గర ఆ కాగితం లేదు. పొలం ఆయన పేరునే ఉంది, అప్పులవాళ్లు ఇంటికొస్తారు, బ్యాంకు పలకదు. భర్త ఉన్నట్టా లేనట్టా అని ప్రతి ఆఫీసులోనూ అడిగారు. పిల్లవాడు పదో తరగతి పరీక్ష రాయకుండా బెంగుళూరులో మేస్త్రీ కింద పనికి చేరాడు.

కాబట్టి నువ్వు ఏ పని మరిచినా ఈ రెండు మరవకు. ఇంటి మనిషి కనిపించడం లేదని ఎవరైనా చెప్తే ఆ రోజే స్టేషన్‌కు తీసుకుపో, మిస్సింగ్ కేసు రాయించు, నకలు తీసుకో. వాళ్లు పరువు అన్నా, దండం పెట్టినా, ఆ ఒక్క విషయంలో మెత్తబడకు. రెండోది, చీటీ రాసిచ్చి పంపకు. వెంట మనిషిని పంపు. నువ్వు వెళ్లలేకపోతే ఆశ కార్యకర్తనో, ఏఎన్ఎంనో, ఆ దారి తెలిసిన ఇంకో తల్లినో పంపు. ముందే నువ్వొకసారి హిందూపురం ఆసుపత్రికి వెళ్లి చూసి రా. మానసిక వైద్యుడు ఏ రోజు ఉంటారు, ఓపీ ఎన్నింటికి మూస్తారు, ఏ కిటికీ, ఏ మెట్లు, ఆధార్ అడుగుతారా, అన్నీ నోటుపుస్తకంలో రాసుకో. మీ మడకశిర వైపు నుంచి చాలామంది బెంగుళూరు నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రికి కూడా పోతారు. వెళ్లొచ్చినవాళ్లు ఊళ్లో ఉంటారు, బయటికి చెప్పుకోరు. ఒకరి నమ్మకం సంపాదించావంటే పదిమందికి దారి చెప్తారు. ఎవరినైనా పంపిన మూడో రోజు ఇంటికి వెళ్లి ఏమైందని అడుగు. పరీక్షలున్నా సరే, పేపర్లు రాత్రికి దిద్దుకో.

నీ దగ్గరికి వచ్చేవాళ్లు మనసు బాగాలేదని చెప్పరు. ఒళ్లంతా నొప్పులంటారు, గుండె దడంటారు, గాలి సోకిందంటారు. ఎక్కువమంది బియ్యం గురించో పింఛను గురించో అడగడానికి వస్తారు. వాళ్ల పని చూస్తూనే, "ఇంట్లో అందరూ నిద్రపోతున్నారా?" అని అడుగు. ఈ ప్రశ్నకు ఎవరూ నొచ్చుకోరు. దిగులు అని వచ్చినవాళ్లను పొయ్యి వెలిగిందా అని అడుగు. రెండు కష్టాలూ ఒకే ఇంట్లో ఉంటాయి, ఒకదాన్ని చూసి రెండోదాన్ని వదిలేస్తే మొదటిదీ నిలవదు.

14416కు ఫోన్ చేస్తే టెలీమానస్ అనే సర్కారు మానసిక సహాయ కేంద్రం వాళ్లు పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. 2022 నుంచి ఉంది. నంబరు గోడ మీద రాసి ఊరుకోకు. వచ్చినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, నీ ఫోన్‌తోనే కలిపిచ్చి, తలుపు దగ్గరగా వేసి నువ్వు బయట నిలబడు. మొదటిసారి మాట్లాడటమే కష్టం.

కసాపురం ఆంజనేయస్వామి దగ్గరికో, పెనుకొండ బాబయ్య దర్గాకో పోతామంటే అడ్డు చెప్పకు. పోయిరండి, మందులు మాత్రం మానొద్దు అని చెప్పు. ఆ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. పది రోజులకే గుణం లేదని మానేసేవాళ్లను చాలామందిని చూశాను.

బతకాలని లేదని ఎవరైనా అంటే వెంటనే నమ్ము. ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దని ఇంట్లోవాళ్లకు చెప్పు. పురుగుమందు డబ్బాలు ఆ రోజే ఇంట్లోంచి తీయించి వేరేవాళ్ల దగ్గర తాళంలో పెట్టించు. ఇందులో మొహమాటపడకు. ప్రయత్నం చేసి బతికినవాళ్ల మీద కేసు పెడతారని కుటుంబాలు దాచిపెడతాయి. అది తీవ్రమైన ఒత్తిడిలో చేసిందని భావించాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెప్తోంది. ధైర్యంగా 108ని పిలవమను. పది, ఇంటర్ ఫలితాలొచ్చే వారం నువ్వు ఏ పెళ్లికీ పోకు, ఫోన్ పక్కన పెట్టుకుని ఊళ్లోనే ఉండు.

మీ హెచ్ఎం ఒప్పుకోకపోతే సుప్రీంకోర్టు మాట చెప్పు. 2025 జూలైలో దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమందో అంతకంటే ఎక్కువో పిల్లలున్నచోట కౌన్సెలర్ ఉండాలని, హెల్ప్‌లైన్ నంబర్లు కనపడేటట్టు పెట్టాలని అందులో ఉంది. మన విశాఖపట్నంలో చదువుకుంటూ చనిపోయిన ఒక పాప తండ్రి పోరాడితే వచ్చిన తీర్పు అది. నువ్వు కౌన్సెలర్‌వి కాదు, ఆ సంగతి నీకూ వచ్చేవాళ్లకూ తెలిసి ఉండాలి. విను, వెంట నడువు, వైద్యం డాక్టరుకు వదిలెయ్. విన్నది స్టాఫ్‌రూంలో చెప్పకు. బియ్యం ఇచ్చేటప్పుడు ఎవరినీ ఫోటో తీయనివ్వకు, పిల్లలు రేపు ఆ బడికే రావాలి.

మీ నాన్న భయం నీ ఆరోగ్యం గురించే. అది నాకూ ఉంది. శనివారం విన్నవి ఆదివారం కూడా నీ తలలో తిరుగుతుంటే నాకు ఫోన్ చెయ్, నాలుగు మాటలు మాట్లాడుకుందాం. మధ్యాహ్నం తిండి మానేసి తిరగొద్దు. చిన్నప్పుడు జ్వరం వచ్చినా చెప్పేదానివి కాదు, నుదురు పట్టి చూస్తేగాని తెలిసేది కాదు. ఇప్పుడు నుదురు పట్టి చూడటానికి నేను దగ్గర లేను.

మీ నాన్నతో నా పాత నోటుపుస్తకం పంపుతున్నాను. ఫోన్ నంబర్లన్నీ మారిపోయి ఉంటాయి, దరఖాస్తులు రాసే తీరు మాత్రం పనికొస్తుంది. చివరి పేజీలో ఒక ఊరి పేరు రాశాను. ఆ పిల్లవాడి అమ్మ ఇప్పుడు కూతురి దగ్గర అక్కడే ఉంటోందని విన్నాను, మీ బడికి ఎంతో దూరం లేదు. ఒక ఆదివారం వెళ్లి చూసి రా. పింఛను వస్తోందా, రాత్రిళ్లు నిద్ర పడుతోందా అడుగు. నన్ను తలుచుకుంటే, నేను వస్తానని చెప్పు. వెంటబెట్టుకుని నువ్వే తీసుకెళ్లాలి, ఒక్కదాన్నే వెళ్లడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

మీ అత్త