మీ అత్తగారి జీవితం రాసేటప్పుడు

అమ్మాయీ,

మీ అత్తగారికి 88 ఏళ్లు నిండాయని, ఆవిడ జీవితం రాసి పిల్లల చేతిలో పెట్టాలని ఉందని రాశావు. అడిగితే మాత్రం "నాదేముందే రాయడానికి? పొలం, పశువులు, పిల్లలు, పూజ. అంతేగా" అంటోందట. మా అమ్మా అచ్చం ఇదే మాట అంది. నేను నమ్మేశాను. ఆమె పోయాక రాయడానికి కూర్చుంటే నాలుగు పేజీలు నిండలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. నీకింకా టైముంది.

ముందుగా, పుస్తకం పెన్ను పట్టుకుని ఆవిడ ఎదురుగా కూర్చోకు. జీవితమంతా పనిలో ఉన్న మనిషి ఖాళీ చేతులతో మాట్లాడలేదు. గింజలు ఏరుతున్నప్పుడో బట్టలు మడతపెడుతున్నప్పుడో పక్కన చేరి నువ్వూ ఆ పని అందుకో. ఫోన్‌లో రికార్డు చేస్తానని చెప్పి, సరే అన్నాకే చెయ్యి. "మీ జీవితం ఎలా సాగింది అత్తయ్యా" అని అడిగితే "బాగానే" అంటుంది. అలా కాకుండా ఒక్క రోజు గురించి అడుగు. విత్తనాలు వేసే రోజుల్లో ఎన్నింటికి లేచేవారు? మొదట పొయ్యి దగ్గరికా, పాకలోకా? మీరు పొలంలో ఉంటే చంటిపిల్లను ఎక్కడ పడుకోబెట్టేవారు? ఏ ఆవు తన్నేది? ఆవు పేరు గుర్తొస్తే ఆ ఏడాదంతా గుర్తొస్తుంది, చూడు.

డబ్బు సంగతి తప్పకుండా అడుగు. పాల డబ్బులు, గుడ్ల డబ్బులు ఎవరి చేతిలో ఉండేవి, వాటితో ఏం కొన్నారు, ఏ పిల్లాడి ఫీజు కట్టారు. నేను మొదట రాసిన పేజీలో "నాన్న వ్యవసాయం చేశాడు, అమ్మ సాయం చేసింది" అని ఉంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. విత్తనం ఏరి, ఎండబెట్టి, పురుగు పట్టకుండా ఏడాది పొడుగునా కాపాడింది అమ్మ. ఈనే ఆవు దగ్గర రాత్రంతా కూర్చున్నది అమ్మ. దాన్ని సాయం అంటారా? ఆ మాట నీ రాతలో రానివ్వకు.

మన కతోలికులకు రైతుల పునీతుడు ఇసిదోరు ఉన్నాడు కదా. 1622లో ఇగ్నేషియస్, ఫ్రాన్సిస్ జేవియర్, అవిలాపురి తెరెసా, ఫిలిప్ నేరిలతో పాటు ఆయనకు పునీత పట్టం ఇచ్చారు. ఆయన భార్య మరియ కూడా అదే పేదరికంలో బతికి, బిడ్డను పోగొట్టుకున్న మనిషే. ఆమెను ధన్యురాలిగా, అంటే పునీత పట్టానికి ముందు మెట్టుగా, గుర్తించింది 1697లో. ఆయన గురించి తెలిసినంతగా ఆమె గురించి మనవాళ్లకు తెలియదు. పునీతుల ఇంట్లోనే ఇలా జరిగితే మన ఇళ్ల సంగతి చెప్పాలా.

భక్తి గురించి రాసేటప్పుడు తొందరపడి ఆవిడను పునీతురాలిని చెయ్యకు. "రోజూ జపమాల చెప్పుకునేది, ఆదివారం పూజ మానేది కాదు" అని ఏ ఇంటి పెద్దావిడ గురించైనా రాయొచ్చు. ఈవిడ ఎలా చెప్పుకునేదో కావాలి. ఆవిడ పెరిగిన రోజుల్లో దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకోవాలంటే అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదు. నీళ్లు తాగొచ్చని 1953లో అన్నారు. 1957లో ఉపవాసం మూడు గంటలకు తగ్గింది, 1964లో ఒక్క గంటకు. చీకటితో లేచి పాలు పితికి, గొంతు ఎండిపోతుంటే పూజకు వెళ్లడం ఎలా ఉండేదో అడుగు. బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ 1962 నుంచి 1965 దాకా జరిగింది. ఆ తర్వాత లాటిన్ పోయి, పూజ సొంత భాషలో వినపడిన మొదటి రోజు ఏమనిపించిందో అడుగు. కొందరు సంతోషించారు, కొందరికి ఏదో పోయినట్టు అనిపించింది. ఆవిడ ఏమంటే అదే రాయి.

పంట పోయిన ఏడాది దేవుడి మీద కోపం వచ్చిందా అని కూడా అడుగు. తప్పేం లేదు. పాప సంకీర్తనంలో, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, ఏం చెప్పుకుందో మాత్రం ఎప్పుడూ అడగకు. అది ఆవిడకూ దేవుడికీ మధ్య విషయం.

ఇక తేదీలు. వాటి కోసం ఆవిడను విసిగించకు, విచారణ (ఒక ఫాదర్ కింద ఉండే చర్చి పరిధి) ఆఫీసుకు వెళ్లి ఫాదర్‌గారిని అడుగు. జ్ఞానస్నానాల పుస్తకాలు, పెళ్లిళ్ల పుస్తకాలు ప్రతి విచారణలో ఉంచాలని 1563లోనే ట్రెంట్ మహాసభ ఆదేశించింది. జ్ఞానస్నానం వరసలో తల్లిదండ్రుల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. తర్వాత భద్రమైన అభ్యంగనం (జ్ఞానస్నానాన్ని స్థిరపరిచే సంస్కారం), పెళ్లి జరిగితే ఆ వివరం కూడా అదే వరస పక్కన ఎక్కిస్తారు. పాత పేజీలు చాలాచోట్ల లాటిన్‌లో ఉంటాయి. యోసేపు 'యోసేఫుస్' అయి కనిపిస్తే వేరే మనిషి అనుకోకు.

ఆ పుస్తకంలో నేను చూసింది నీకు చెప్పాలి. నా పేరుకూ తమ్ముడి పేరుకూ మధ్య, మా అమ్మానాన్నల పేర్లతోనే ఇంకో వరస ఉంది. ఆడపిల్ల. ప్రాణాపాయంలో ఉండగా మంత్రసాని ఇంట్లోనే నీళ్లు పోసి జ్ఞానస్నానం ఇచ్చిందని రాసి ఉంది. అలాంటి సమయంలో ఎవరైనా ఇవ్వొచ్చని తిరుసభ (కతోలిక సంఘం) నియమం. పక్కన మార్జిన్ మొత్తం ఖాళీ. నాకో చెల్లెలుందని 61 ఏళ్ల వయసులో, ఆ బల్ల దగ్గర నిలబడి తెలుసుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. రాత్రి జపమాల అయిపోయి, మేమంతా నిద్ర మత్తులో లేవబోతుంటే అమ్మ "ఇంకొక్కటి" అని మరియమ్మకు చెప్పే మంగళవార్త జపం ఒకటి ఎక్కువ చెప్పేది. ఎవరి కోసమో చెప్పేది కాదు. మేం విసుక్కునేవాళ్లం. ఒక్కసారైనా అడిగి ఉండాల్సింది.

అందుకని, మీ అత్తగారు నడవగలిగితే ఆవిడనే ఆఫీసుకు తీసుకెళ్లు. పుస్తకం ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టు. కళ్లజోడు మర్చిపోకుండా చూడు. ఏదైనా పేరు మీద ఆవిడ వేలు ఆగితే పేజీ తిప్పకు. చెప్తే విను, చెప్పకపోతే ఊరుకో. ఇంటికొచ్చి రాసినదంతా ఆవిడకు చదివి వినిపించు, వద్దన్నది కొట్టెయ్.

పెద్దమ్మ