ఉద్యోగం మానేసి చేనేత బట్టల బ్రాండ్ పెట్టాలా? పెట్టినదాన్ని, చెప్తాను

మీరడిగింది ఇదీ: బెంగళూరులో పదేళ్ల ఉద్యోగం, చేతిలో పద్దెనిమిది లక్షలు, సొంతూరు ఒంగోలు. నేలకీ నీటికీ చెరుపు చెయ్యని బట్టల బ్రాండ్ పెట్టాలనుంది, మార్చిలో రిజైన్ చెయ్యొచ్చా అని.

మాది నెల్లూరు పక్కన కోవూరు. చెన్నైలో పదకొండేళ్లు సప్లయ్ చైన్ సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను. ఎవరి సరుకు ఏ రోజు ఎక్కడుండాలో స్క్రీన్ మీద గీతలు గీసి చెప్పడం నా పని. 2021 ఏప్రిల్లో మానేసి, పాటూరులో గుడ్డ నేయించి, చొక్కాలూ కుర్తాలూ కుట్టించి అమ్మడం మొదలుపెట్టాను. ఇప్పటికీ అమ్ముతున్నాను, కాబట్టి మిమ్మల్ని బెదరగొట్టడానికి రాస్తున్నాననుకోకండి.

అందరం పేరు, లోగో, ఇన్‌స్టా పేజీతో మొదలుపెడతాం. నేనూ లోగోకి నలభై వేలు తగలేశాను. మీ డబ్బు ఇరుక్కునేది అక్కడ కాదు, బీరువాలో మడతపెట్టి కూర్చునే గుడ్డలో. అదెలాగో చెప్తా.

మా వైపు మగ్గాలు చీరల మగ్గాలు. వాటి మీద ఆడేది వంద, నూట ఇరవై నంబరు నూలు. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం. ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, ఎన్ని తూగితే అంత నంబరు. ఆ గుడ్డతో చొక్కా కుడితే లోపలి బనియన్ కనిపిస్తుంది. అరవై నంబరు కావాలన్నాను. సరే అన్నారు గానీ, నూలు మారితే అచ్చు, అంటే పోగుల్ని విడివిడిగా పట్టుకునే దువ్వెనలాంటిది, మార్చాలి. అంగుళానికి అరవై పోగులు, నలభై ఎనిమిది అంగుళాల పన్నా (వెడల్పు), మొత్తం 2,880 పోగులు. మళ్లీ మొదటినుంచి ఒక్కో పోగూ చేత్తో ఎక్కించుకోవాలి. నేసే ఇంటి పెద్దావిడ గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని రెండు రోజులు అదే పని చేసింది. నేను పక్కన కూర్చుని వంద పోగులైనా లెక్కపెడదామనుకున్నాను. నలభై దాటేసరికి కళ్లు తిరిగాయి. అంత పని చేశాక ఇరవై మీటర్లు నేసి ఆపమంటే ఎవరు ఒప్పుకుంటారు? పడుగు, అంటే మగ్గానికి నిలువుగా ఎక్కించే పోగులు, వేశారంటే డెబ్బై మీటర్లు తీసుకోవాల్సిందే. నాలుగు రంగులంటే 280 మీటర్లు. మీటరు 240 చొప్పున 67,200 రూపాయలు, ఒక్క చొక్కా కుట్టకముందే.

నేతకూలి వారం వారం ఇవ్వాలి, నూలుకి ముందే కట్టాలి. సరుకు పెట్టుకున్న షాపువాళ్లేమో అమ్ముడయ్యాక తొంభై రోజులకి ఇస్తారు, అదీ నాలుగుసార్లు ఫోన్ చేస్తే. నూలు కొన్న రోజు నుంచి ఆ డబ్బు ఇంటికి రావడానికి నాకు ఆరు నెలలు పట్టేది. ఈ ఆరు నెలల్లో ఇంకో పడుగు వేయకపోతే మగ్గం ఖాళీ. ఖాళీ మగ్గం మీ కోసం ఎదురుచూడదు, నూలిచ్చి కూలికి నేయించే వేరే మాస్టర్ వీవర్ చీరకి వెళ్లిపోతుంది.

చొక్కా లెక్క కూడా చూడండి. గుడ్డ రెండున్నర మీటర్లు 600, కుట్టుకూలి, గుండీలు 230, ఉతుకు, ఇస్త్రీ 60, ట్యాగు, కవరు, రవాణా 110. వెయ్యి అయింది. 1,750కి అమ్ముతాను. షాపు ముప్పై అయిదు శాతం తీసుకుంటే 612 పోయింది, ఇప్పటి రేటులో జీఎస్టీ 83. నాకు మిగిలేది 55. అందుకే రెండేళ్లకే షాపులు మానుకుని నేరుగా అమ్ముతున్నాను. ఒక్క ఊరట ఏమిటంటే 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 దాకా బట్టల మీద అయిదు శాతమే. అంతకుముందు వెయ్యి దాటితే పన్నెండు. ఇప్పుడు 2,500 దాటితే మాత్రం పద్దెనిమిది, ధర పెట్టేటప్పుడు చూసుకోండి.

ఇక మొదటి ఏడాది సంగతి. సంక్రాంతికి ఇస్తానని నూట అరవై చొక్కాలకి అడ్వాన్సులు తీసుకున్నాను. నా ఎక్సెల్ షీటు ప్రకారం నవంబర్లో నేత, డిసెంబర్లో కుట్టు. చెన్నైలో అన్నేళ్లున్నా, నెల్లూరులో పుట్టినా, నవంబర్ అంటే ఏమిటో షీటులో రాయలేదు చూడండి, అదీ నా తెలివి. మనకి వానలు ఎక్కువగా పడేదే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. 2021 నవంబర్లో సోమశిల డ్యామ్ నుంచి వదిలిన నీళ్లకి పెన్న పొంగి, మా పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, హైవే తెగింది. నేను నేయిస్తున్నవి గుంట మగ్గాలు. కాళ్లు పెట్టుకునే గుంటలో అడుగున్నర నీళ్లు ఊరి నిలిచాయి. వాన తెరిపిచ్చాక కూడా పని సాగలేదు. పడుగు వీధిలో పొడుగ్గా సాచి గంజి పెట్టి ఆరబెట్టాలంటే పొద్దుటెండ కావాలి. రోజూ ఫోన్ చేసి ఎప్పటికవుతుందని సతాయించాను. చివరికి నేసే పెద్దాయన అన్నాడు, "నువ్వు ఫోన్లో నొక్కితే పడుగు ఆరదమ్మాయ్." సంక్రాంతికి నలభై చొక్కాలిచ్చి మిగతా అడ్వాన్సులు వాపసు చేశాను. అప్పట్నుంచి సంక్రాంతి గుడ్డ ఆగస్టు, సెప్టెంబర్లలోనే నేయించి పెట్టుకుంటాను. అంటే మళ్లీ నాలుగు నెలలు డబ్బు గుడ్డలోనే!

ఆ ఇచ్చిన నలభై కూడా సుఖపెట్టలేదు. మగ్గం మీంచి దిగిన గుడ్డని ఉతక్కుండా కట్ చేయించాను. గంజి పోయేసరికి ముడుచుకుపోయాయి. ఒకాయన ఫోటో పెట్టి, "మేడం, రెండు ఉతుకులకి మా ఎనిమిదో తరగతి వాడికి సరిపోయింది, థాంక్స్" అని రాశాడు. ఇప్పుడు ప్రతి తానునీ ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఉతికి, నీడన ఆరేశాకే కత్తెర పెడతాం. మీటరుకి రెండు మూడు అంగుళాలు తగ్గుతుంది, అది లెక్కలో కలుపుకోండి.

సహజ రంగుల మోజు మీకుంటుంది, నాకూ ఉండేది. కరక్కాయ నీళ్లలో ముంచి లేత పసుపు వచ్చిన గుడ్డని ఇంటి బోరు నీళ్లలో జాడించాను. కళ్ల ముందే బూడిద రంగుకి తిరిగింది. నీళ్లలో ఇనుముంటే కరక్కాయ నల్లబడుతుందని అప్పుడు తెలిసింది. ఒంగోలులో మొదలుపెట్టేముందు మీ నీళ్లు పరీక్ష చేయించుకోండి. నేను ఇప్పుడు నీలిమందు ఒక్కటే ఉంచుకుని మిగతావి మానేశాను, నా చేతకాదు.

ట్యాగు మీద రాసే మాటల విషయం. "పక్కనే పల్లిపాడు ఆశ్రమం, 1921లో గాంధీగారు వచ్చి ప్రారంభించిన చోటు, ఖాదీ అని వేసుకో, బాగా పోతుంది" అని మా బాబాయే సలహా ఇచ్చాడు. చేత్తో వడికిన నూలైతేనే ఖాదీ. మనది మిల్లు నూలు, చేతి నేత; దాన్ని చేనేత అనాలి. పైగా ఖాదీ పేరుతో అమ్మాలంటే ఖాదీ కమిషన్ ఇచ్చే ఖాదీ మార్క్ ఉండాలి. ఆర్గానిక్ కూడా అంతే. అయిదొందల ట్యాగులు ఆ మాటతో అచ్చేయించాక ఒక కస్టమర్ సర్టిఫికెట్ ఏదని అడిగింది. నూలు కొట్టువాడి మాట తప్ప నా దగ్గర కాగితం ముక్క లేదు. కూర్చుని అయిదొందలూ కత్తిరించాం.

ఆగస్టు 7 చేనేత దినోత్సవానికి కంపెనీలు ఆర్డర్లిస్తాయి, వాటి మీద ఆశ పెట్టుకోకండి. జూలై 28న ఫోన్ చేసి అయిదో తారీఖుకి రెండొందల కుర్తాలంటారు. ఉద్యోగంలో ఉండగా అలాంటి మెయిల్స్ నేనూ పెట్టినదాన్నే.

మార్చిలో రిజైన్ సంగతికొస్తే, వద్దు. మగ్గం కోసం మా వైపు రానక్కర్లేదు, 2022 దాకా మీ జిల్లాలోనే ఉన్న చీరాల మీకు దగ్గర. ఉద్యోగంలో ఉంటూనే ఒక్క మగ్గం మాట్లాడుకుని, ఒకే రంగులో డెబ్బై మీటర్లు నేయించండి. ఉతికితే తగ్గేది పోను దాదాపు ఇరవై ఆరు చొక్కాలవుతాయి. మీ ఆఫీసువాళ్లకి కాకుండా, మీరెవరో తెలియనివాళ్లకి పూర్తి ధరకి అమ్మి చూడండి. మొహమాటానికి కొనేవాళ్లు రెండోసారి కొనరు. ఆ డబ్బు చేతికొచ్చేదాకా ఎన్ని నెలలు పట్టిందో రాసుకోండి. ఆ నెలల్లో రెండో పడుగుకీ మూడో పడుగుకీ, ఇంటి ఖర్చుకీ మీ పద్దెనిమిది లక్షలు ఎంతవరకు ఆగుతాయో అప్పుడు మీకే లెక్క తేలుతుంది. నావి పద్నాలుగు లక్షలు, పీఎఫ్‌తో కలిపి. మొదటి ఏడాది చివరికి తొమ్మిది మిగిలాయి, అందులో నాలుగు గుడ్డ రూపంలో.

చీరాల వెళ్లేటప్పుడు మాత్రం నవంబర్, డిసెంబర్లు వదిలేసి ఫిబ్రవరిలో వెళ్లండి. పొద్దున ఆరింటికల్లా ఉంటే వీధిలో పడుగు సాచి గంజి పెట్టడం కనిపిస్తుంది. తొమ్మిదింటికి వెళ్తే అయిపోయి ఉంటుంది.