ప్రోక్రియేట్‌లో లేయర్లు చాలకపోతే

నమస్కారమండీ. ఐప్యాడ్‌లో బొమ్మలు గీసే యాప్ అయిన ప్రోక్రియేట్‌తో ఏ3 పోస్టరు గీస్తుండగా కొత్త లేయరు (బొమ్మలో ఒకదానిపై ఒకటి ఉండే పొర) చేరడం లేదని, ఇది యాప్‌లోని లోపమా అని మీరు అడిగారు. లోపం కాదు; కాన్వాసులోని పిక్సెళ్ల సంఖ్యనూ, మీ ఐప్యాడ్‌లోని ర్యామ్‌నూ బట్టి ఆ యాప్ లేయర్లకు పరిమితి పెడుతుంది. 300 డీపీఐ (అంగుళానికి చుక్కల సంఖ్య) వద్ద ఏ3 అంటే 3508 × 4961, అంటే సుమారు 1 కోటి 74 లక్షల పిక్సెళ్లు. అదే 200 డీపీఐ అయితే 2339 × 3307తో సుమారు 77 లక్షలకు తగ్గుతుంది కనుక లేయర్ల పరిమితి బాగా పెరుగుతుంది. గోడకు అంటించి దూరం నుంచి చూసే పోస్టరుకు 200 సరిపోతుందని నా అభిప్రాయం. చిన్న అక్షరాలుండే కరపత్రానికి మాత్రం తగ్గించవద్దు.

అయితే మీ బొమ్మ ఇప్పటికే సగం పూర్తయింది కనుక దాన్ని కుదించకండి. ముందుగా గ్యాలరీలో దానికి నకలు తీసి పెట్టుకుని, ఇక మార్పులు అవసరం లేని లేయర్లను, ఉదాహరణకు నేపథ్యంలోని ఆకాశాన్నీ కొండలనూ, లేయర్ల పట్టికలో రెండు వేళ్లతో దగ్గరికి లాగి ఒకటిగా కలిపేయండి. గ్రూపుగా చేర్చినంత మాత్రాన పరిమితి మారదు. గీతల లేయరును మాత్రం దయచేసి విడిగానే ఉంచండి, ఎందుకంటే తరువాత గీతలు సరిదిద్దవలసి వచ్చినా అడుగునున్న రంగులు చెదరవు. ఇంకా ఎన్ని లేయర్లు మిగిలాయో యాక్షన్స్ మెనూలోని కాన్వాస్ విభాగంలో కాన్వాస్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే తెలుస్తుంది.