ఏడు జతల స్నీకర్స్, తీరని కార్డు బాకీ: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నా వయసు 29. ఆఫీసులో డ్రెస్ కోడ్ తీసేసినప్పటి నుంచి స్నీకర్స్, లెగ్గింగ్స్, జాగర్స్‌కే అలవాటు పడ్డాను. గత ఏడాది వీటి మీద పెట్టిన ఖర్చు దాదాపు ఒక నెల జీతమంత ఉంది. ఏడు జతల స్నీకర్స్ ఉన్నాయి. తెల్ల లెదర్ జత ఒకటి, లావు సోల్ ఉన్న బూడిద రంగు జత ఒకటి, రన్నింగ్ షూస్ రెండు, పై పొర ఊడిపోతున్న సింథటిక్ జత ఒకటి, అసలు వేసుకోనివి రెండు. రోజూ వేసుకునేవి మాత్రం తెల్ల జత, ఒక రన్నింగ్ జత. నెల జీతంలో 30 శాతానికి సమానమైన క్రెడిట్ కార్డు బాకీ ఉంది, మినిమమ్ డ్యూ మాత్రమే కడుతున్నాను. ఒక జతకు ఇంకా మూడు నెలల ఈఎంఐ మిగిలి ఉంది. ఇంత కొన్నా పొద్దున్నే ఏం వేసుకోవాలో తోచదు. ఖరీదైనవి తక్కువ కొనాలా, చౌకవి ఎక్కువ కొనాలా? లిమిటెడ్ ఎడిషన్ జతలు కొని దాచితే ధర పెరుగుతుందని స్నేహితురాలు అంటోంది. నిజమేనా?

జవాబు: మీరు రాసినదాంట్లో నన్ను అన్నిటికన్నా ఆపిన మాట ‘ఇంత కొన్నా ఏం వేసుకోవాలో తోచదు’ అన్నది. మీ డబ్బు పోతున్నది అక్కడే. జత ధర ఎంత అన్నదానికన్నా ఆ జతను ఎన్ని రోజులు వేసుకుంటారన్నదే అసలు లెక్క. వేసుకునే రోజులు పెరగాలంటే ఆ జత మీ దగ్గరున్న ప్యాంట్లతో, టాప్‌లతో కలవాలి. అందుకే జోడింపు విషయాన్ని కూడా డబ్బు విషయంగానే చూస్తాను.

ముందు బాకీ సంగతి. మీ నెల జీతాన్ని 100 భాగాలు అనుకుందాం. కార్డు బాకీ 30 భాగాలు. నెలకు 3 శాతం వడ్డీ వేసే కార్డయితే ఏడాదికి చక్రవడ్డీతో 42 శాతం దాటుతుంది. మినిమమ్ డ్యూలో చాలా భాగం ఆ వడ్డీకే పోతుంది, అసలు పెద్దగా కదలదు. మినిమమ్ కింద నెలకు 1.5 భాగాలు కడుతున్నారనుకుందాం. బట్టలు, షూస్ మీద ఏడాదికి ‘దాదాపు నెల జీతం’ అన్నారు కాబట్టి 90 భాగాలనుకుంటే నెలకు సగటున 7.5. అందులో 2.5 ఈఎంఐకి పోతోందనుకుంటే, కొనడం ఆపిన మొదటి మూడు నెలలూ 5 భాగాలు మిగులుతాయి. మినిమమ్‌తో కలిపి నెలకు 6.5 కార్డుకు కట్టండి. ఈఎంఐ అయిపోగానే అది 9 అవుతుంది. ఇలా కడితే ఐదో నెలలో బాకీ తీరిపోతుంది. వేసుకోని రెండు జతలు అమ్మి 4 భాగాలు రాబట్టగలిగితే నాలుగో నెలలోనే తీరుతుంది. మీ కార్డు వడ్డీ, మీ ఈఎంఐ ఎంతో చూసి ఇదే వరుసలో లెక్క వేసుకోండి. ఒక్కటి గుర్తుంచుకోండి: పాత బాకీ పూర్తిగా తీరేదాకా ఆ కార్డు మీద కొత్తగా ఏమీ కొనవద్దు. పాత బాకీ ఉన్నప్పుడు కొత్త కొనుగోళ్లకు చాలా కార్డుల్లో వడ్డీ లేని గడువు వర్తించదు. కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

ఆ రెండు జతలనూ ఈ వారమే అమ్మకానికి పెట్టండి. పెట్టె, ట్యాగ్, అదనపు లేసులు ఉన్నప్పుడు వచ్చే ధర తర్వాత రాదు. ఫొటోల్లో సోల్ అడుగు, లోపలి సైజు లేబుల్, మడమ వెనక భాగం తప్పనిసరిగా కనిపించాలి. కొనేవాళ్లు చూసేది అవే. సైజు లేబుల్ మీద సెంటీమీటర్లలో పాదం పొడవు ఉంటే అదీ రాయండి. ఒక్కో బ్రాండ్‌లో ఒక్కో నంబరు కాబట్టి వెనక్కి పంపడాలు తగ్గుతాయి.

ఇక ఈ నాలుగైదు నెలలు ఉన్నవాటితోనే గడపాలి. గడుస్తుంది, బాగానే గడుస్తుంది. మీ తెల్ల జత అడుగు సోల్ పలుచన, ఆకారం సన్నం. దానికి సూటిగా దిగే ట్రౌజర్స్, చీలమండ దగ్గర ఆగే ప్యాంట్లు నప్పుతాయి. షూ పై అంచుకూ ప్యాంటు అంచుకూ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల చర్మం కనిపిస్తే కాలు పొడుగ్గా అనిపిస్తుంది. అప్పుడు బయటికి కనిపించని పొట్టి సాక్స్ వేయాలి. వెడల్పు కాళ్ల ప్యాంట్ల కింద ఇదే జత వేస్తే ముందు కొస ఒక్కటే బయటికి పొడుచుకొచ్చి పాదం చిన్నదై కనిపిస్తుంది. ఆ ప్యాంట్లకు మీ బూడిద రంగు లావు సోల్ జత వేయండి. ఇన్నాళ్లూ దాన్ని పక్కన పెట్టడానికి కారణం దాన్ని లెగ్గింగ్స్‌తోనే ప్రయత్నించడం అయి ఉండొచ్చు. సన్నటి కాళ్ల కింద లావు సోల్ బరువుగా కనిపిస్తుంది. లెగ్గింగ్స్‌తోనే వేయాలనుకుంటే పైన తుంటి దాటే పొడవు టాప్ గానీ, వదులు షర్టు గానీ ఉండాలి. అప్పుడు పైనా కిందా బరువు సరిపోతుంది.

జాగర్స్‌లో చూడాల్సింది కింది పట్టీ. అది చీలమండ ఎముక మీద కూర్చోవాలి. కిందికి జారి షూ మీద పోగుపడితే ఎంత ఖరీదైనదైనా ఇంట్లో వేసుకునే బట్టలాగే ఉంటుంది. పొడవు ఎక్కువైతే పట్టీని ఒక మడత లోపలికి పెట్టి నాలుగు కుట్లు వేయించండి, కొత్తది కొనక్కర్లేదు.

ఆఫీసుకు వెళ్లే రోజు ఒక సూత్రం పాటించండి. ఒంటి మీద ఆటల బట్ట ఉంటే, దానికి తోడు భుజాలు నిలబడే బట్ట ఒకటి ఉండాలి. బ్లేజర్, గట్టి కాలర్ షర్టు, కుదురైన పొడవు కోటు, ఏదైనా సరే. లెగ్గింగ్స్ మెరవని మందపాటి బట్టవి కావాలి. వెలుతురుకు మెరిసేవి జిమ్‌కే బాగుంటాయి. మడతల మిడి స్కర్టు మీ దగ్గరుంటే తెల్ల జతతో వేసి చూడండి, మీ బీరువాలోంచే కొత్త జోడీ దొరుకుతుంది. ఒక రోజుకు గాఢంగా కనిపించే రంగు ఒక్కటే. టాప్ మీద పెద్ద లోగో ఉంటే షూస్ సాదావి వేయండి.

సెలవు రోజు ఒక గంట కేటాయించి అన్నీ మంచం మీద పరచండి. మూడు ప్యాంట్లు, ఐదు టాప్‌లు రంగులు కలిసేలా తీస్తే 15 జోడీలు. వాటిమీద రెండు పై బట్టలు, లేదా అసలు పై బట్ట లేకుండా, అంటే 45. ఒక్కో జోడీని ఫోన్‌లో ఫొటో తీసి విడి ఆల్బమ్‌లో పెట్టుకోండి. పొద్దున్నే తోచని ఇబ్బందీ తీరుతుంది, రాత్రిళ్లు ఆఫర్లు వెతకడమూ తగ్గుతుంది. ఏ జోడీలోనూ చేరని వస్తువు అమ్మకానికి వెళ్లాల్సిందే.

ఖరీదైనవా, చౌకవా అన్నారు. రెంటికీ ఒకే లెక్క వేయండి: ధరకు సంరక్షణ ఖర్చు కలిపి, వేసుకున్న రోజులతో భాగించండి. 8 భాగాల లెదర్ జతకు లేసులు, ఇన్‌సోల్ (లోపల పాదం ఆనే మెత్త), శుభ్రం చేసే సామగ్రి కింద ఇంకో భాగం కలిపితే 9. వారానికి మూడు రోజుల చొప్పున రెండేళ్లు వేస్తే సుమారు 300 రోజులు. రోజుకు 0.03. మూడు భాగాలకు కొన్న సింథటిక్ జత 20 సార్లకే పొర ఊడితే రోజుకు 0.15. చౌక అనుకున్నది ఐదు రెట్లు ఖరీదు. అయితే దీన్ని ఖరీదైనదేదైనా కొనడానికి అనుమతిగా తీసుకోవద్దు. 8 భాగాల జతను 20 సార్లే వేస్తే లెక్క మరింత ఘోరంగా ఉంటుంది.

ఆ సింథటిక్ జత ఎందుకు పోయిందో తెలిస్తే మళ్లీ మోసపోరు. గుడ్డ మీద పూసిన పలుచని ప్లాస్టిక్ పొర, వేళ్ల దగ్గర షూ వంగే చోట ముందు పగులుతుంది. పగిలాక అతికించినా నిలవదు. కొనేముందు షూ ముందు భాగాన్ని చేత్తో వంచి చూడండి. సన్నని ముడతలు పడి తిరిగి సర్దుకుంటే మంచి లెదర్. గీత తెల్లబడి అలాగే నిలిచిపోతే వదిలేయండి. షూ వేళ్ల మొదట్లో వంగాలి, నడిమధ్యలో కాదు. సోల్ అంచు చుట్టూ లోపలికి దిగిన కుట్టు కనిపిస్తే మరీ మంచిది. జిగురుతో మాత్రమే అంటించిన సోల్ కన్నా అది ఎక్కువ కాలం పట్టి ఉంటుంది.

మీ ఖర్చులో మీకు కనపడని చిల్లు ఇంకొకటి ఉంది. రన్నింగ్ షూస్ ఊరంతా తిరగడానికి వాడుతున్నారు. వాటి మిడ్‌సోల్‌లో, అంటే పాదానికీ అడుగు సోల్‌కూ మధ్య ఉండే మెత్తని పొరలో, ఎక్కువగా ఉండేది ఈవీఏ అనే ప్లాస్టిక్ నురగ. అడుగు పడిన ప్రతిసారీ నలుగుతూ క్రమంగా మెత్తదనం పోగొట్టుకుంటుంది. సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా పనికొస్తాయి. రోజుకు ఐదు కిలోమీటర్లు, నెలకు 25 రోజులు నడిస్తే 125 కిలోమీటర్లు. అంటే వ్యాయామానికి కొన్న జత నాలుగు నుంచి ఆరు నెలల్లో అయిపోతోంది, వ్యాయామం సంగతి పక్కన పెట్టినా. రెండు రన్నింగ్ జతల్లో పాతదాన్ని తిరుగుళ్లకు వదిలేసి, రెండోదాన్ని వ్యాయామానికే ఉంచండి. తెల్ల జత, బూడిద జత రోజు మార్చి రోజు వేయండి. లోపలి చెమట ఆరడానికి ఒక రోజు పూర్తిగా కావాలి. తడిగా ఉన్నదాన్నే మళ్లీ వేసుకుంటే లోపలి గుడ్డ, జిగురు రెండూ త్వరగా పాడవుతాయి. లేసులు విప్పకుండా మడమ తొక్కి విడిచే అలవాటుంటే ఈ రోజే మానండి. మడమ లోపలి గుడ్డ చిరగడానికి అదే పెద్ద కారణం.

తెల్లవాటిని వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు. నానబెట్టొద్దు కూడా. లేసులు, ఇన్‌సోల్ విడిగా తీసి, గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా తేలికపాటి సబ్బు కలిపి మెత్తని బ్రష్‌తో రుద్ది, తడిగుడ్డతో రెండుమూడుసార్లు తుడవండి. పసుపు మరకలు మిగలడానికి ఎక్కువగా కారణాలు సరిగ్గా పోని సబ్బు, ఎండ, బ్లీచ్. లోపల తెల్ల కాగితం కుక్కి నీడలో ఆరబెట్టండి. అచ్చేసిన కాగితం సిరా అంటుతుంది.

లెగ్గింగ్స్ సాగి మళ్లీ బిగుసుకోవడానికి కారణం ఎలాస్టేన్ పోగు. 1958లో డ్యూపాంట్‌లో జోసెఫ్ షివర్స్ కనిపెట్టిన స్పాండెక్స్ ఇదే. దీనికి వేడి, క్లోరిన్ బ్లీచ్ శత్రువులు. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ పోగుల మీద పూతలా పేరుకుని చెమట పీల్చుకోనివ్వదు. తిరగేసి, 30 డిగ్రీల లోపు నీళ్లలో ఉతికి, డ్రైయర్ లేకుండా ఆరవేయండి. వెన్నలా మెత్తగా ఉండే బ్రష్ చేసిన (పైన నూగు లేపిన) బట్ట చేతికి హాయిగా ఉంటుంది గానీ తొడల మధ్య, బ్యాగు రాసుకునే చోట త్వరగా ఉండలు కడుతుంది. బయట తిరగడానికి నునుపు నైలాన్‌వి కొనండి. దుకాణంలోనే బట్టను రెండు చేతులా సాగదీసి వెలుతురుకు ఎత్తిపట్టండి. వేళ్లు కనిపిస్తే వంగినప్పుడు ఒళ్లూ కనిపిస్తుంది.

మీ స్నేహితురాలి మాటకు వస్తాను. కొన్ని జతలకు ధర పెరిగిన మాట నిజమే. కానీ పెరిగేది పెట్టె తెరవని జతకు, అది కూడా అదే సైజు కావాల్సిన కొనుగోలుదారు దొరికినప్పుడు. మధ్యవర్తి రుసుము, పంపే ఖర్చు మీవే. పైగా పాలీయురెథేన్ మిడ్‌సోల్ ఉన్న జతలు వాడకుండా దాచినా గాలిలో తేమకు కొన్నేళ్లలో విచ్చి పొడిగా రాలతాయి. బాకీ ఉన్న మనిషి 42 శాతం వడ్డీ కడుతూ దీని మీద డబ్బు పెట్టడం తప్పు. ఆఫర్‌లో ఉందని రెండేళ్లకు సరిపడా కొని పెట్టుకోవడం కూడా ఇదే కారణంగా నష్టం.

బాకీ తీరాక నెలకు 9 భాగాలు చేతికొస్తాయి. 6 అత్యవసర నిధికి వెళ్లాలి, మూడు నెలల ఖర్చులు పోగయ్యేదాకా. మిగతా 3 విడి ఖాతాలో బట్టలకూ షూస్‌కూ. ఇకపై కొనేది ఆ ఖాతాలో ఉన్నదాంతోనే. ఒక జత ధర 8 భాగాలు దాటకుండా చూసుకుంటే మూడు నెలలకోసారి కొనే స్తోమత ఉంటుంది, అయినా అంత తరచుగా అవసరం రాదు. ‘నో కాస్ట్’ ఈఎంఐ అన్నచోట ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద పన్ను ఎంతో అడగండి. మొత్తం ఒకేసారి కడితే ఇచ్చే తగ్గింపు ఎంతో కూడా అడగండి. రెండూ కలిపితే అసలు వడ్డీ తేలుతుంది.

మొదట కొనాల్సి వచ్చేది తెల్ల జత స్థానంలోకే. స్వచ్ఛమైన తెలుపు కాకుండా కొంచెం మీగడ రంగు తీసుకోండి, పసుపు మరక అంతగా తెలియదు. దశాబ్దాలుగా మారని ఆకారాలు ఎంచుకోండి. కన్వర్స్ ఆల్ స్టార్ 1917 నాటిది, ప్యూమా సూయెడ్ 1968 నాటిది, నైకీ ఎయిర్ ఫోర్స్ 1 వచ్చింది 1982లో. వచ్చే ఏడాది పాతబడిపోతాయన్న భయం వీటితో ఉండదు. మడమ ఎత్తు మీ బూడిద జతకు ఒక సెంటీమీటరు అటూ ఇటూగా ఉండాలి. లేకపోతే ఒకదానికి సరిపోయేలా కుట్టించిన ప్యాంటు రెండోదానికి పొట్టో పొడుగో అయి, మళ్లీ ప్యాంట్లు కొనాల్సి వస్తుంది. సాయంత్రం పూట, రోజూ వేసే సాక్స్‌తో, రెండు పాదాలకూ వేసి చూడండి. పగలంతా నడిచాక పాదం కాస్త ఉబ్బుతుంది. పొడవైన వేలి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి, నడిచినప్పుడు మడమ లేవకూడదు. ట్యాగ్ తీయకుండా రెండు రోజులు ఇంట్లో శుభ్రమైన నేల మీద నడవండి. ఆ ఆల్బమ్‌లోని ఫొటోల్లో కనీసం పదింటికి నప్పకపోతే, గడువు ముగిసేలోగా వెనక్కి ఇచ్చేయండి.