బెంగళూరు నుంచి గురుగ్రామ్‌కు కారు: బ్రోకర్‌కు ముందే మొత్తం డబ్బు కట్టాలా?

కారు పంపడానికి నలుగురిని రేటు అడిగితే, ఒక బ్రోకర్ మిగతావాళ్లకంటే చాలా తక్కువ చెప్పి, డబ్బంతా ముందే కట్టమన్నాడని అడిగారు. మొత్తం ముందే కట్టకండి. మిగతా ముగ్గురూ దాదాపు ఒకే రేటు చెబుతుంటే, ఇతనొక్కడే అంత తక్కువ చెప్పాడంటే నాకు అనుమానమే. బ్రోకర్ దగ్గర సాధారణంగా సొంత లారీ ఉండదు. మీ బుకింగ్‌ను కార్లు మోసే లారీలు (క్యారియర్లు) నడిపేవాళ్లకు అప్పజెప్పి మధ్యలో కమిషన్ తీసుకుంటాడు. ఆ రేటుకు ఎవరూ ఒప్పుకోకపోతే కారు బెంగళూరు శివార్లలోని నెలమంగల వైపు ఏదో యార్డులో పడి ఉంటుంది, తర్వాత "ఇంకొంత వేయండి సార్" అని ఫోన్ వస్తుంది.

కారు అసలు ఎవరు తీసుకెళ్తున్నారో పేరు అడగండి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం బ్రోకర్ కూడా కామన్ క్యారియర్ (అందరికీ అద్దెకు సరుకు రవాణా చేసే వ్యాపారి) కిందికే వస్తాడు, రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబర్ చెప్పకుండా దాటవేస్తే వదిలేయండి. గూడ్స్ రసీదులో కారు విలువ తప్పకుండా రాయించండి. అది రాయించినా, క్యారియర్ నిర్ణయించిన ఎక్కువ రిస్క్ రేటు కడతానని ఒప్పుకోకపోతే, దెబ్బతిన్నప్పుడు క్యారియర్ ఇచ్చే పరిహారానికి చట్టమే పరిమితి పెడుతుంది. ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ ఉందని నోటిమాటగా చెబితే చాలదు, మీ బండి నంబరున్న పాలసీ చూపించాలి.

అడ్వాన్స్ కొద్దిగా ఇచ్చి, మిగతాది కారు చేతికొచ్చాకే ఇస్తానని వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా ఒప్పించండి. అప్పగించేటప్పుడు మీటర్ రీడింగ్‌తో సహా చుట్టూ వీడియో తీయండి. ఒరిజినల్ ఆర్‌సీ ఇవ్వకండి, జిరాక్స్ చాలు. ఫాస్టాగ్ తీసేయండి, లారీ మీద ఉన్నా టోల్ దగ్గర స్కాన్ అయ్యే అవకాశం ఉంది.

అక్కడ 12 నెలలు దాటి ఉంటారనుకుంటే ఇక్కడి ఆర్‌టీఓలో ఎన్‌ఓసీకి (బండిని వేరే రాష్ట్రంలో రిజిస్టర్ చేయించడానికి కావలసిన నిరభ్యంతర పత్రం) ఇప్పుడే అప్లై చేయండి.