షాడోరన్ ఆటలు: తొందరపడే వారికి, తొందరపడని వారికి

రెండు నెలల క్రితం ఈ శీర్షికలో ‘షాడోరన్’ కంప్యూటర్ ఆటల గురించి ఒక పేరా రాశాను. ఇంద్రజాలమూ కంప్యూటర్లూ ఒకే వీధిలో తిరిగే ప్రపంచం, వంతులవారీగా సాగే పోరాటం, నవలలాగా చదువుకోవలసిన కథ. ఇంతకు మించి అప్పుడు చెప్పలేదు. వచ్చిన ఉత్తరాలను బట్టి ఆ పేరా చాలలేదని అర్థమైంది. ఈసారి పుట మొత్తం వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: తగ్గింపు ధరకు వచ్చాయని మూడు ఆటలూ ఒకేసారి కొన్నాను. మొదటి నుంచి వరుసగా ఆడాలా, లేక రెండోదానితో మొదలుపెట్టవచ్చా? స్నేహితులు తలా ఒక మాట చెబుతున్నారు.
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మూడింటి కథలూ వేర్వేరు కాబట్టి ఏది ముందు ఆడినా అర్థం కాకుండా పోదు. అయినా వరుసకు ఒక ప్రయోజనం ఉంది, అది తెలియాలంటే ఈ ఆటలు ఎలా పుట్టాయో కొంచెం చెప్పాలి.

షాడోరన్ మొదట కంప్యూటర్ ఆట కాదు. 1989లో అమెరికాలోని ఫాసా అనే సంస్థ దీన్ని నలుగురు బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, కథ చెప్పుకుంటూ ఆడే ఆటగా తెచ్చింది. ఆ కల్పనలో 2011లో ఇంద్రజాలం భూమి మీదికి తిరిగి వస్తుంది, డ్రాగన్లు నిద్ర లేస్తాయి, మామూలు తల్లిదండ్రులకు పాశ్చాత్య కాల్పనిక కథల్లోని ఎల్ఫ్‌లు, మరుగుజ్జులు పుడతారు. 2021లో లక్షలాది మామూలు మనుషులు ఉన్నట్టుండి అవే కథల్లోని భీకరాకారులైన ఓర్కులుగా, ట్రోల్‌లుగా మారిపోతారు. మారిన వాళ్లను ఇరుగుపొరుగు ఎలా చూశారన్నదే ఈ ప్రపంచంలో మానని పుండు. ప్రభుత్వాల కన్నా పెద్ద కంపెనీలదే పెత్తనం. ఆ కంపెనీలు బాహాటంగా చేయలేని పనులను కూలికి చేసిపెట్టే వాళ్లే షాడోరన్నర్లు.

ఆ బల్ల ఆటను రూపొందించిన వారిలో ఒకరైన జోర్డన్ వైస్‌మన్ తన హేర్‌బ్రెయిన్డ్ స్కీమ్స్ సంస్థ తరఫున 2012లో అభిమానులను చందాలు అడిగారు. అడిగింది 4 లక్షల డాలర్లు, వచ్చింది 18 లక్షల పైచిలుకు. ఆ డబ్బుతో 2013 జులైలో ‘షాడోరన్ రిటర్న్స్’, ఆ మరుసటి ఏడాది ‘డ్రాగన్‌ఫాల్’, మరోసారి చందాలు అడిగి 2015 ఆగస్టులో ‘హాంకాంగ్’ వెలువడ్డాయి.

మొదటి ఆట సియాటిల్‌లో జరుగుతుంది. చనిపోయిన పాత మిత్రుడు, తాను చనిపోతే మీకు చేరేటట్టు ముందే రికార్డు చేసి పెట్టిన సందేశంతో అది మొదలవుతుంది. ఆరంభం అద్భుతమే గాని ఆ కథ దాదాపు ఒకే దారిలో నడుస్తుంది, వెంట వచ్చే తోడు కూడా చాలావరకు ఆ పూటకు కూలికి కుదుర్చుకున్న వాళ్లే. బెర్లిన్‌లో జరిగే డ్రాగన్‌ఫాల్‌లో మీకు ఒక ఇల్లు, ఒక పేట, మాట్లాడే కొద్దీ మనసు విప్పే సహచరులు ఉంటారు. దాన్ని ఆడి మొదటి ఆటకు వెనక్కి వెళితే పెద్ద వాకిట్లోంచి ఇరుకు సందులోకి వెళ్లినట్టు ఉంటుంది. కాబట్టి మూడూ ఆడే ఓపిక ఉంటే వరుసగానే ఆడండి. ఒక్కదానికే తీరిక ఉంటే సందేహించకుండా డ్రాగన్‌ఫాల్ ఎంచుకోండి. నేను ఎవరికైనా మొదట ఇచ్చేది అదే.

ప్రశ్న: డ్రాగన్‌ఫాల్‌లో నా పాత్ర మంత్రగత్తె. బలంగా ఉంటుందని చేతికి, కంటికి యంత్రభాగాలు కూడా పెట్టించాను. తుపాకీ, మంత్రం, కంప్యూటర్ చొరబాటు మూడింటిలోనూ కొంత నేర్పించాను. అయినా ప్రతి పోరాటంలోనూ మొదట పడిపోయేది తనే. ఎక్కడ తప్పు చేస్తున్నాను?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని, నెల్లూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండో వాక్యంలోనే సగం జవాబు ఉంది. ఈ ఆటలో ప్రతి మనిషికీ ‘ఎసెన్స్’ అనే కొలత ఉంటుంది, ప్రాణసత్త్వం అనుకోండి. అది 6తో మొదలవుతుంది. శరీరంలో ఇనుము చేర్చిన ప్రతిసారీ అది తరుగుతుంది. అది తరిగిన కొద్దీ, ఒకసారి వాడిన మంత్రాన్ని మళ్లీ వాడడానికి ఎక్కువ వంతులు ఆగవలసి వస్తుంది. తుపాకీ పట్టే సైనికుడికి ఈ నష్టం ఒక లెక్కలోది కాదు. మంత్రగత్తెకు మాత్రం ఒక చేత్తో సంపాదించి రెండో చేత్తో పారబోసుకోవడమే. మీరింకా కథ ఆరంభంలోనే ఉంటే మొదటి నుంచి మళ్లీ ఆడమనే నా సలహా.

రెండో సంగతి కర్మ. ఈ ఆటలో అనుభవానికి ఇచ్చే పాయింట్ల పేరు అక్షరాలా అదే. మనకు కర్మ అంటే అనుభవించక తప్పనిది, ఇక్కడ అది చేతిలో ఉన్న చిల్లర. కాని ఖర్చు చేశాక తిరిగి రాదన్న విషయంలో మన కర్మకూ దీనికీ తేడా లేదు. ఒక విద్యను మూడో మెట్టుకు ఎక్కించాలంటే 3 పాయింట్లు, ఆరో మెట్టుకు 6 పాయింట్లు. పైగా ఏ విద్య అయినా దానికి మూలమైన గుణాన్ని దాటి పెరగదు. మంత్రప్రయోగానికి మూలం విల్‌పవర్, అంటే మనోబలం. అందువల్ల మొదట మనోబలాన్ని, వెంటనే మంత్రప్రయోగాన్ని జంటగా పెంచుతూ పోండి. కంప్యూటర్ చొరబాటుకు మీ జట్టులో బ్లిట్జ్ ఉన్నాడు, తుపాకీకి ఐగర్ ఉంది. వాళ్ల పని మీ పాత్ర నెత్తిన వేసుకోనక్కర్లేదు. మిగిలిన కర్మలో కొంత మాత్రం కరిజ్మాకు, అంటే ఎదుటివారిని ఆకట్టుకునే గుణానికి పెట్టండి. అది పెరిగితే ‘ఎటికెట్’లు దొరుకుతాయి, అంటే కంపెనీ ఉద్యోగితో, కాపలా సిబ్బందితో, వీధి ముఠాతో ఎవరి భాషలో వారితో మాట్లాడే నేర్పు. నేను ఆడినప్పుడు కాపలావాళ్ల మాటతీరు తెలిసినందువల్ల తూటా పేలకుండానే దాటిన తలుపులు ఉన్నాయి. ఆ ఆనందం ఏ పోరాటంలోనూ రాలేదు.

ఇక పోరాటం. ఒక్కో వంతులో ప్రతి పాత్రకూ కొన్ని యాక్షన్ పాయింట్లే ఉంటాయి. నడిచినా, కాల్చినా, తుపాకీలో తూటాలు నింపినా అవి ఖర్చవుతాయి. కొత్తగా ఆడేవారు ఆ పాయింట్లన్నీ కాల్పులకే పెట్టి, వంతు ముగిసేసరికి నట్టనడి గదిలో నిలబడి ఉంటారు. ముందు చాటు వెతకండి. చాటులో బలహీనమైనవీ బలమైనవీ ఉన్నాయి, పాత్ర పక్కన కనిపించే డాలు గుర్తు ఆ సంగతి చెబుతుంది. అయితే ఎంత బలమైన చాటైనా శత్రువు పక్కకు తిరిగి వచ్చి కాలిస్తే ఉపయోగపడదు. అదే పని మీరు శత్రువుకు చేయాలి. ఇద్దరిని ఎదురుగా ఉంచి వాళ్ల చూపు కట్టిపడేసి, ఒకరిని పక్క నుంచి పంపండి. తలుపు తీసే ముందు ఒకరిని ఓవర్‌వాచ్‌లో నిలపండి, ఆ దిక్కున కదిలిన శత్రువు మీద తమ వంతు కాకపోయినా వాళ్లు కాలుస్తారు. నలుగురు శత్రువులకు తలా ఒక గాయం చేయడం కన్నా ఒకరిని పూర్తిగా పడగొట్టడం మేలు, ఎందుకంటే సగం ప్రాణంతో ఉన్నవాడు కూడా నిండు బలంతోనే కాలుస్తాడు.

మంత్రగత్తె ఎప్పుడూ ముందు వరుసలో ఉండకూడదు. కొన్ని చోట్ల నేల మీద మెరిసే శక్తిరేఖలు కనిపిస్తాయి, వాటి మీద నిలబడి వేసిన మంత్రానికి బలం ఎక్కువ. అవి చాటున ఉంటే అదే మీ చోటు. ‘హేస్ట్’ అనే మంత్రం తప్పకుండా కొనండి. అది తోటివారికి ఒక యాక్షన్ పాయింటు అదనంగా ఇస్తుంది. దాన్ని ఐగర్ మీద వేసి చూడండి, మీరు నిప్పు విసిరి చేసే నష్టం కన్నా ఎక్కువ పని జరుగుతుంది.

ప్రశ్న: మా తమ్ముడు తన పాత ల్యాప్‌టాప్‌తో పాటు డ్రాగన్‌ఫాల్ ఇచ్చాడు. నేను తెలుగు మాధ్యమంలో చదువుకున్నాను. తెర నిండా ఇంగ్లీషు, పాత్రలు నోరు విప్పి మాట్లాడవు. కొన్నిచోట్ల చదవకుండా నొక్కుకుంటూ పోతున్నాను, తరువాత కథ తెలియడం లేదు. ఇది ఆటా, పుస్తకమా? నాలాంటి వాళ్లు ఆడదగినదేనా?
– ఒక ఉపాధ్యాయిని, ఖమ్మం

జవాబు: తప్పకుండా ఆడదగినదే. వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది మీ ఉత్తరం.

పాత్రలు గొంతుతో మాట్లాడకపోవడాన్ని చాలామంది లోపంగా చెబుతారు. మీ విషయంలో అది వరం. గొంతు ఉంటే దాని వేగంతో మీరు పరుగెత్తాలి. ఇక్కడ మీరు తరువాతి మాట నొక్కేదాకా ఎదుటి మనిషి ఓపికగా నిలబడి ఉంటాడు. వంతులవారీ పోరాటం కూడా అంతే, మీరు కదలనిదే శత్రువు కదలడు. పక్కన నిఘంటువు పెట్టుకుని, మధ్యలో అన్నం వండుకుని వచ్చి కూడా ఆడగలిగిన ఆట ఇది. పోరాటాలు కష్టమనిపిస్తే కఠినత్వాన్ని ‘ఈజీ’కి మార్చుకోండి. అందులో నామోషీ ఏమీ లేదు, కథ ఒక్క వాక్యం కూడా తగ్గదు.

రోజుకు ఒక పని ముగించడం చాలు. తిరిగి వచ్చాక వెంటనే తరువాతి పనికి బయలుదేరకండి, పేటలో ఒక చుట్టు తిరగండి. ఆ పేట పేరు క్రోయ్‌ట్స్‌బాసార్. బెర్లిన్‌లో నిజంగా ఉన్న క్రోయ్‌ట్స్‌బెర్గ్ మీద అల్లుకున్న కల్పన అది. నగరం గోడతో చీలిపోయి ఉన్న కాలంలో ఆ ప్రాంతం పశ్చిమ బెర్లిన్‌లో గోడను ఆనుకుని ఉండేది. తుర్కియే నుంచి పనికి వచ్చిన కుటుంబాలు, ఖాళీ ఇళ్లను ఆక్రమించుకుని బతికిన యువతీయువకులు అక్కడ కలిసి మెలిగారు. ఆటలో కాఫీ అంగడి నడిపే అల్తూగ్‌ను పలకరించినప్పుడు ఆ చరిత్ర మీకు గుర్తు రావాలి. ప్రభుత్వం లేని నగరంలో ఒక పేట తనను తాను ఎలా నిలబెట్టుకుంటుందో ఈ పలకరింపుల్లోనే తెలుస్తుంది, పోరాటాల్లో తెలియదు.

కథ మొదట్లోనే జట్టు నాయకురాలు మోనికా చనిపోతుంది, ఆ బరువు మీ భుజాల మీద పడుతుంది. ఐగర్ మీ నాయకత్వాన్ని ఒప్పుకోదు. గ్లోరీ చల్లగా, ముక్తసరిగా మాట్లాడుతుంది. ఒకప్పుడు పంక్ సంగీతం పాడిన డీట్రిచ్ మాత్రం చేరదీస్తాడు. ప్రతి పని తరువాత ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి మాట్లాడండి. గ్లోరీ తన గతం చెప్పడానికి చాలా సమయం తీసుకుంటుంది, తొందరపెట్టకుండా వింటేనే చెబుతుంది. మీరు నొక్కుకుంటూ దాటేస్తున్నది బహుశా ఆ మాటలనే. తరగతిలో వెనుక బెంచీ పిల్లవాడి చేత మాట్లాడించడానికి ఎంత ఓపిక పడతారో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ ఓపికకు ఈ ఆట నిండుగా ప్రతిఫలం ఇస్తుంది.

వీధి యాస మాటలు నిఘంటువులో దొరకవు, వాటి కోసం ఆగిపోకండి. ‘న్యూయెన్’ అంటే డబ్బు, ‘చమ్మర్’ అంటే దోస్తు, ‘డెకర్’ అంటే కంప్యూటర్లలోకి చొరబడేవాడు. ఈ మూడూ తెలిస్తే మిగిలినవి సందర్భమే చెబుతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు. ఇది చదివించే ఆట కాబట్టి మంచిదే కదా అని అడుగుతున్నాడు. ఆడనివ్వమంటారా?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. హత్యలు, మత్తుపదార్థాలు, మొరటు భాష, మనుషులను వస్తువులుగా వాడుకునే సన్నివేశాలు ఉన్నాయి. అవి కథకు అవసరమైనవే అయినా పదమూడేళ్ల వయసుకు తగినవి కావు. డిగ్రీలో చేరాక ఆడుకోవచ్చని చెప్పండి, ఆట ఎక్కడికీ పోదు.

ప్రశ్న: హాంకాంగ్ ఆటలో కౌలూన్ గోడల నగరం చూసి నిద్ర పట్టలేదు. అలాంటి చోటు నిజంగా ఉండేదా? మరొకటి, అందులో కంప్యూటర్ లోపలి ప్రపంచంలోకి దిగిన ప్రతిసారీ దొరికిపోతున్నాను.
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: నిజంగా ఉండేది. మొదట అది చైనా వారి చిన్న కోట. 1898లో చుట్టుపక్కల భూములు బ్రిటన్‌కు కౌలుకు వెళ్లినప్పుడు ఈ కోట మాత్రం ఒప్పందంలో చైనాకే మిగిలింది. తరువాత అటు చైనా పాలించలేక, ఇటు బ్రిటన్ పట్టించుకోక అది ఎవరికీ చెందని తావు అయింది. దాదాపు 2.6 హెక్టార్లలో, 1980ల చివరి నాటికి సుమారు 33,000 మంది ఉండేవారు. మేడలు ఒకదానికొకటి ఆనుకుని లేచాయి. పైన కై టక్ విమానాశ్రయానికి దిగే విమానాల దారి ఉండడం వల్ల పద్నాలుగు అంతస్తుల దగ్గర ఆగాయి. కింది సందుల్లోకి ఎండ పడేది కాదు. అనుమతి లేని దంతవైద్యులు, చేపముద్దలు చేసే కార్ఖానాలు, పిల్లల బడి అన్నీ అందులోనే. 1993, 94లలో దాన్ని కూల్చివేశారు, 1995లో అక్కడ ఉద్యానవనం తెరిచారు.

ఆట జరిగేది 2056లో. ఆ కల్పనలో గోడల నగరం మళ్లీ లేచింది. పీడకల ఎక్కడ నుంచి వస్తున్నదో నేను ఇక్కడ చెప్పను, కాని మీకు నిద్ర పట్టకపోవడం రచయితలు కోరుకున్నదే. అక్కడి మనుషులను దయ్యాలుగా కాక బతుకు కూడగట్టుకుంటున్న వాళ్లుగా చూపించారు, అందుకే ఆ భయం అంత లోతుగా తగులుతుంది. ఆ పేరు మోసిన చోటును సరుకుగా మాత్రమే వాడుకున్న కథలు చూశాను. ఇది వాటిలో చేరదు.

మేట్రిక్స్, అంటే మీరడిగిన ఆ కంప్యూటర్ లోపలి ప్రపంచం విషయానికి వస్తే, మిగతా రెండు ఆటల్లో అది కూడా వంతుల పోరాటమే. హాంకాంగ్‌లో కాపలా ప్రోగ్రాములు ఆగకుండా తిరుగుతూ ఉంటాయి, వాటి చూపులో పడితేనే పోరాటం మొదలవుతుంది. లోపలికి దిగగానే కదలకండి. ఒక కాపలాదారు అటు వెళ్లి ఇటు వచ్చేదాకా ఒక పూర్తి చుట్టు చూడండి, వాడు వెనుదిరిగిన క్షణంలో తరువాతి మూల దాకా మాత్రమే వెళ్లి ఆగండి. తాళం తీయడానికి వచ్చే అంకెల చిక్కుముడిలో, మెరిసిన అంకెలను కళ్లతో కాక నోటితో పైకి చదవండి. ఫోన్ నంబరు గుర్తుంచుకున్నట్టు రెండేసి, మూడేసి చొప్పున విడగొడితే ఇంకా తేలిక. నాకు మూడో ప్రయత్నంలో ఆ చిక్కుముడి విడింది ఆ పద్ధతిలోనే.